గేటు మూసిన హాతీరాం నాయక్

గుట్టకింది తండా,
జూలూరుపాడు మండలం.
6 ఏప్రిల్ 1998

చిరంజీవి లచ్చిరాంకు,

నీ తాత హాతీరాం నాయక్ నెత్తిమీద చెయ్యి పెట్టి దీవించి రాయించునది. ఇక్కడ మనుషులం బాగున్నాం, గొడ్లు బాగున్నాయి, మంచి పేరొక్కటే పోయింది. అది ఎట్లా పోయిందో నిన్నే అడుగుదామని ఈ ఉత్తరం.

నా కంట్లో పొర ముదిరిందని నీకు తెలుసు కదా. అందుకని నేను చెబుతుంటే బడి టీచరమ్మ సీతారావమ్మ రాస్తోంది. నీ ఉత్తరాలు కూడా ఆమే మా అందరికీ చదివి వినిపిస్తుంది. ఆమెది మధిర వైపు. నా మాటలకు ఇస్త్రీ చేసి రాస్తుంది. తిట్లున్న చోట చుక్కలు పెడతానంది. చుక్కలు కనబడితే నువ్వే పూర్తిచేసుకో.

మన కార్బారి బద్యా, అంటే నా తర్వాత తండాకు పెద్ద, మిర్చి బస్తాలు వేసుకుని ఖమ్మం మార్కెట్‌కు వచ్చాడు కదా. సరుకు అమ్ముడయ్యాక నిన్ను చూద్దామని నీ కంప్యూటర్ బడికి వచ్చాడట. తిరిగొచ్చి బస్సు దిగినవాడు నెత్తిమీద మూటయినా దించకుండా తండా నడుమ నిలబడి మొత్తుకున్నాడు.

"హాతీరామన్నా! నువ్వు టీవీల పడ్డవే! నీళ్ళకొచ్చినోళ్ళను గేటు బయట ఎండల నిలబెట్టినవని మొత్తం జూపిస్తున్నరు. మన తండా పేరు గూడ ఉన్నది. నీ మనుమడే సదివి జెప్పిండు!"

ఆ మాటకు తండా అంతా బోరింగు వైపు చూసింది. ఎందుకో నీకు తెలియదు, పరీక్షలని నీకు చెప్పలేదు. వాగు అవతలి గూడెంలో బోరింగు హోళీకి ముందే ఎండిపోయింది. వాళ్ళు బిందెలు పట్టుకుని మన బోరింగుకు రావడం మొదలుపెట్టారు. మనది మాత్రం పాతాళగంగా? కొద్ది బిందెలు కొట్టేసరికి ఎర్రనీళ్ళు వస్తున్నాయి. అందుకని పంచాయితీ పెట్టి, బోరింగు చెయ్యికి గొలుసు చుట్టి తాళం వేశాం. పొద్దున కాసేపు మనవాళ్ళ కోసం తీస్తాం. తాళంచెవి నా మొలతాడుకు ఉంది. ఇది తండా అంతా కలిసి చేసిన తీర్పు. మరి టీవీవాళ్ళు నా ఒక్కడి పేరే ఎందుకు చెప్పారు? వాళ్ళకు ఈ సంగతి మోసిన ....... ఎవడు?

నిన్న ఒక జీపు మన దారిలో వచ్చింది. విచారణకు వచ్చారనుకుని మగవాళ్ళందరూ పత్తి చేలలో పడ్డారు. పూలి ముసలమ్మ ఒక్కతే నిలబడి, వచ్చిన పెద్దసారుకు మంచినీళ్ళు ఇద్దామని బోరింగు దగ్గరకు పోయి, తాళం చూసి ఏడుస్తూ కూర్చుంది. తీరా చూస్తే వాళ్ళు దారి తప్పిన పెళ్ళివాళ్ళు.

వెంటనే జవాబు రాయి. టీవీ వాళ్ళు ఇంకా ఎన్ని రోజులు చూపిస్తారో కనుక్కో.

ఇట్లు,
నీ తాత,
హాతీరాం నాయక్

తా.క.: టీవీలో నాకు మీసం లేదని బద్యా చెబుతున్నాడు. గేటు మూస్తే మూశాను, మీసం ఎవడు తీశాడు?


ఖమ్మం,
10 ఏప్రిల్ 1998

తాతకు, నీ మనుమడు లచ్చిరాం కాళ్ళు మొక్కి రాయునది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది.

తాతా, అది టీవీ కాదు, కంప్యూటర్. వార్తలు కాదు, ఆట. మా సెంటర్ నడిపే వెంకటరామారావు సారు మధ్యాహ్నం పూట క్లాసులు లేనప్పుడు ఆడుకోనిస్తారు. ఆ ఆటలో పెద్ద యుద్ధం జరిగి లోకమంతా కాలిపోయి ఉంటుంది. చెరువులు లేవు, వానలు లేవు. మిగిలిన కొద్దిమంది ఒక గుట్ట కింద దాక్కుని బతుకుతుంటారు. వాళ్ళకు ఒక నీళ్ళ ట్యాంకు, ఒక ఇనుప గేటు. వాళ్ళ పెద్ద ఏం చెయ్యాలో మనం మీటలు నొక్కి చెప్పాలి. మొదట్లోనే పెద్దకు ఏం పేరు, ఊరికి ఏం పేరు అని అడుగుతుంది. పెద్దమనిషి అనగానే నాకు గుర్తొచ్చింది నువ్వే. గుట్ట కింద అనగానే గుర్తొచ్చింది మన తండానే. పెట్టేశా.

ఆడుతూ ఉంటే ఒక రోజు గేటు ముందుకు బయటి జనం వచ్చారు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, చంకలో పిల్లతో ఒక తల్లి. నీళ్ళు అడిగారు. ట్యాంకులో ఉన్నవి మనవాళ్ళకే చాలీ చాలనివి. తియ్యాలా, మూయాలా అని కంప్యూటర్ నన్ను అడిగింది. మా తాతయితే ఏం చేస్తాడని ఆలోచించా. ముందు మనవాళ్ళు అంటాడని తోచింది. మూసేశా. సరిగ్గా అప్పుడే బద్యా మామ లోపలికి వచ్చాడు. ఇది మన తండా, ఇతను మన నాయక్, నీళ్ళకొచ్చినవాళ్ళను ఆపేశాడు అని గొప్పగా చదివి వినిపించా. ఆట అని చెప్పేలోపే బస్సు టైమైందని పరిగెత్తాడు.

ఇక నా మాట. మన బోరింగుకు నిజంగానే తాళం వేశారా తాతా? సీతయ్య పెద్దయ్య వాళ్ళ గూడేనికేనా? చిన్నప్పుడు నాకు జ్వరం ముదిరితే, పొంగే వాగులో నన్ను భుజాన వేసుకుని దాటించి దవాఖానాకు చేర్చింది ఆయనే కదా.

ఇట్లు,
లచ్చిరాం

తా.క.: మీసం సంగతి. ఆ ఆట చేసింది తెల్లదొరలు. వాళ్ళ మనుషులకు మీసాలు ఉండవు. పైగా నీకు పచ్చ చొక్కా, తోలు బూట్లు తొడిగారు. వెళ్ళేముందు బద్యా మామ నీకు కాదు, ఆ బూట్లకు దండం పెట్టాడు.


గుట్టకింది తండా,
15 ఏప్రిల్ 1998

చిరంజీవి లచ్చిరాంకు,

తాత హాతీరాం నాయక్ దీవెనలు. నీ ఉత్తరం అందింది. టీచరమ్మ అందరి ముందూ చదివింది. టీవీ కాదని తెలిసి పూలి ముసలమ్మ ఇంటింటికీ బెల్లం ముక్క పంచింది. నేను కూడా ఒక ముక్క నోట్లో వేసుకున్నా. అది కరగకముందే బద్యా లేచి నిలబడ్డాడు.

"ఆటైతే ఏంది? పేకాట గూడ ఆటనే, కొంపలు కాల్తలేవా? పిలగాడు ఏమన్నడో ఇన్నరు గదా. తాతైతే ఏం జేస్తడో అదే జేసిన అన్నడు. అంటే ఖమ్మంల ఉన్నోనికి గూడ ఎరికే, మన నాయక్ గేటు మూస్తడని!"

నేను ఊరుకుంటానా? పిల్లవాడి ఆట పట్టుకుని పంచాయితీ ఏంది అన్నాను. అప్పుడు బద్యా నా మెడకు నా తీర్పే చుట్టాడు. నీకు గుర్తుందా, మన తండా కుర్రాడు దేవ్లా నా పేరు చెప్పి పక్క తండావాళ్ళ చింతచెట్టు దులుపుకొచ్చినప్పుడు, చెట్టు ఎక్కకపోయినా నేనే ఒక మేకను జరిమానాగా కట్టాను. నాయక్ పేరు మీద ఎవడు ఏం చేసినా నాయకే జవాబు చెప్పాలని ఆ రోజు మీసం తిప్పి మరీ అన్నాను. "చెట్టుకైతే నీ పేరు పనిజేసింది, గేటుకు పనిజెయ్యదా?" అంటున్నాడు బద్యా. తండాలో సగం మంది తలలూపారు. తలలూపినవాళ్ళలో నా తీర్పులకు మేకలు కట్టినవాళ్ళే ఎక్కువ.

అవ్, బోరింగుకు తాళం ఉన్న మాట నిజమే. నువ్వు ఖమ్మంలో కుళాయి తిప్పి స్నానం చేసేవాడివి, నీకేం తెలుసు? ఇక్కడ ఎర్రనీళ్ళను తెల్లవార్లూ తేర్చుకుని తాగుతున్నాం. సీతయ్య వచ్చి అడిగాడు. వానలు పడ్డాక చూద్దాం అన్నాను. నాయక్ అన్నవాడు ముందు తన తండాను చూడాలి.

కానీ ఒక మాట రా లచ్చిరాం. నువ్వు నా కంచంలో తిన్నావు. నా గొంగట్లో పడుకున్నావు. ఇన్నేళ్ళు నా వెంట తిరిగి, మా తాతయితే ఏం చేస్తాడు అనుకున్నప్పుడు నీకు తోచింది గేటు మూయడమేనా? ఆ ముక్క టీచరమ్మ చదివినప్పటి నుంచి నాకు బువ్వ సయించడం లేదు. అంత రాతిగుండె వాడినని నీకు ఎప్పుడు అనిపించింది? నువ్వు ....... వి. టీచరమ్మ చుక్కలు పెట్టింది.

గేటు మూశాక ఆ బయటివాళ్ళు ఏమయ్యారు? తల్లీపిల్లా ఎటు పోయారు? నువ్వు పోయి చూశావా లేదా, రాయి.

ఇట్లు,
హాతీరాం నాయక్

తా.క.: ఆ గుట్ట కింద కార్బారి ఎవరని బద్యా అడుగుతున్నాడు. నాయక్ ఉండి కార్బారి లేని ఊరు ఊరే కాదట. లేకపోతే వెంటనే పెట్టించమన్నాడు.


ఖమ్మం,
20 ఏప్రిల్ 1998

తాతకు, లచ్చిరాం కాళ్ళు మొక్కి రాయునది.

నీకు బువ్వ సయించడం లేదంటే నాకు ఇక్కడ మెస్సులో కూడు దిగడం లేదు. నేను నిన్ను చెడ్డవాడని అనుకోలేదు తాతా. నిన్ను గట్టివాడని అనుకున్నాను. గట్టివాడంటే మూసేవాడని ఎందుకు అనుకున్నానో మాత్రం ఎంత తలపట్టుకున్నా తెలియడం లేదు.

బయటివాళ్ళు ఏమయ్యారో నేను చూడలేదు. ఆట చూపించదు. గేటు పడ్డాక బొమ్మ అంతా లోపలే తిరుగుతుంది. లోపల అందరూ బాగానే ఉంటారు. దీపాలు వెలుగుతాయి, రొట్టెలు కాలుస్తారు, నీ పేరు చెప్పుకుని జై కొడతారు. నువ్వు అడిగాకే నాకు తట్టింది, నేను కూడా వాళ్ళను మరిచిపోయి రొట్టెలు కాల్పిస్తున్నానని.

ఇందులో ఒక సౌకర్యం ఉంది. జరిగిపోయిన దాన్ని చెరిపి, వెనక్కి పోయి మళ్ళీ ఆడొచ్చు. గేటు ముందుకు జనం వచ్చిన చోటికే పోయి ఈసారి తెరిచాను. తల్లీపిల్లా ముందు వచ్చారు. అందరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. నాకు కూడా కళ్ళు చెమర్చాయి. తీరా కొద్ది రోజులకు ట్యాంకు అడుగంటింది. ఒక్కొక్కరే పడిపోయారు. లోపలివాళ్ళూ పోయారు, బయట నుంచి వచ్చినవాళ్ళూ పోయారు. అందరికన్నా చివర ఖాళీ ట్యాంకుకు ఆనుకుని హాతీరాం నాయక్ పోయాడు. మళ్ళీ వెనక్కి పోయి ఆడాను. మళ్ళీ అంతే.

ఇందులో సరైన దారి ఏదని వెంకటరామారావు సారును అడిగాను. సరైన జవాబుంటే అది పరీక్ష అవుతుంది కానీ ఆట ఎట్లా అవుతుందన్నారు. అట్లాగైతే మూసిందే రైటేమో. నువ్వు బోరింగుకు తాళం వేసింది కూడా రైటేమో. అలా రాస్తుంటే మాత్రం చెయ్యి ఆడడం లేదు. సీతయ్య పెద్దయ్య మొహం కనబడుతోంది.

ఇట్లు,
లచ్చిరాం

తా.క.: అడిగాడు కదా అని కార్బారికి బద్యా మామ పేరే పెట్టాను. కాకపోతే, గేటు తెరిచిన ప్రతిసారీ అందరికన్నా ముందు ఆయనే పోతున్నాడు. ఎన్నిసార్లు ఆడినా అంతే. ఈ ఒక్క ముక్క మామకు చెప్పకు.


గుట్టకింది తండా,
25 ఏప్రిల్ 1998

చిరంజీవి లచ్చిరాంకు,

తాత దీవెనలు. చెప్పకు అన్న ముక్కను టీచరమ్మ గొంతయినా తగ్గించకుండా బడిపిల్లలకు పద్యం చెప్పినట్టు చదివింది. బద్యా నా ఎదురుగా మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. తన చావు తాను పూర్తిగా విన్నాడు. ఆయన భార్య ద్వాలి అప్పటికప్పుడు మిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. ఆ ఘాటుకు పంచాయితీ అంతా దగ్గుతూ లేచిపోయింది.

మర్నాడు బద్యా నా మీద రెండు ఫిర్యాదులు పెట్టాడు. ఒకటి, హాతీరాం నాయక్ తన పేరు మీద గేటు మూయించి దాహంగొన్నవాళ్ళను వెళ్ళగొట్టాడు. రెండు, గేటు తెరిచినప్పుడు కూడా తన కార్బారిని కాపాడుకోలేదు. "మూసినా తప్పే, తెరిచినా తప్పే, గిట్లాంటి నాయక్ మనకేం పనికొస్తడు?" అని తండా తండా తిరిగి చెబుతున్నాడు. వచ్చే బేస్తవారం పంచాయితీ. తప్పు రుజువైతే నేను పెద్దరికం దిగాలట. చుట్టుపక్కల తండాల పెద్దలను కూడా పిలిచారు. నా ముప్పై ఏళ్ళ నాయకత్వం నువ్వు నొక్కిన మీట కింద పడి ఉంది.

నీ ఉత్తరంలో రెండు మాటలు నాకు నచ్చలేదు. వెనక్కి పోయి మళ్ళీ ఆడటమేంది? అట్లా ఉంటే మా కాపురాలు ఎప్పుడో బాగుపడేవి. చేసిన దాన్ని చెరిపేసుకునేవాడికి తప్పూ లేదు, ఒప్పూ లేదు. రెండోది, గేటు తెరిస్తే లోపలికి వచ్చినవాళ్ళు నోళ్ళొక్కటే తెచ్చుకున్నారా, చేతులు తెచ్చుకోలేదా? అంతమంది కూర్చుని ట్యాంకు ఎండేదాకా తాగారే కానీ ఒక్కడైనా గునపం పట్టి గుట్ట కింద తవ్వలేదా? దొరలకు లెక్కలు బాగా వస్తాయంటారు, ఈ లెక్క ఎట్లా మరిచారు?

సీతయ్య నిన్న మళ్ళీ వచ్చాడు. గూడెం ఆడవాళ్ళు వాగు ఇసుకలో చెలిమలు తోడి, గుడ్డతో వడకట్టుకుని తాగుతున్నారట. పిల్లలకు విరేచనాలట. వానలు పడ్డాక చూద్దాం అనే మళ్ళీ అన్నాను. ఆయన దండం పెట్టి పోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వు పరీక్షలు విడిచి రావద్దు. గేటు దగ్గర ఆ బయటి తల్లి ఏమన్నదో మాట పొల్లుపోకుండా రాసి పంపు. సాక్ష్యం కింద అందరి ముందూ చదివిస్తాను.

ఇట్లు,
హాతీరాం నాయక్ (ప్రస్తుతానికి)

తా.క.: తాను దేంతో పోయాడో రాయమంటున్నాడు బద్యా. దాహంతో అయితే ఒప్పుకోడట. పులితో అయితే ఆలోచిస్తాడట.


ఖమ్మం,
28 ఏప్రిల్ 1998

తాతకు, లచ్చిరాం కాళ్ళు మొక్కి రాయునది.

నువ్వు అడిగిన సాక్ష్యం రాస్తున్నాను. టీచరమ్మగారు గట్టిగా చదవాలి.

గేటు ముందు ఆ తల్లి అన్న మాటలు ఇవి: "మీ వాటా అడగడం లేదు. మీరు తాగినాక మిగిలింది పొయ్యండి. మిగలకపోతే పిల్లదానికొక్కదానికే పొయ్యండి." ఆట ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగు నాది. మాటలు మాత్రం ఇవే. దాని కింద మూడు దారులు చూపించారు. తెరవడం, మూయడం, ఒక కుండెడు నీళ్ళు పోసి పంపేయడం. నేను రెండోది నొక్కాను. మూడోది ఉన్న సంగతి నేను అప్పుడు చదవనైనా లేదు.

తండా పెద్దలకు నా మనవి ఒకటే. మీట నొక్కింది నా వేలు. తప్పు నాది. తాతయితే ఏం చేస్తాడు అని ఆలోచించానని రాశాను కదా, అది సగమే నిజం. నేను భయపడ్డాను. లోపల ఉన్నది పోతుందేమోనని భయపడి మూశాను. భయపడ్డానని ఒప్పుకోవడానికి సిగ్గేసి, దానికి తాత పేరు పెట్టుకున్నాను. తాత పేరు పెడితే నా భయం కూడా పెద్దరికంలా కనబడింది. మేక ఖరీదు నేను కడతాను. ఇక్కడ సెంటర్లో చిన్న పిల్లలకు టైపు నేర్పే పని ఇస్తామన్నారు. తాతను దించకండి.

తాతా, నువ్వు ఒక్క మాట చెబితే ఇదంతా ఆగిపోతుంది కదా. ఇది పిల్లల ఆటబొమ్మ, దీని మీద పంచాయితీ లేదు అని గద్దించు. నువ్వు గద్దిస్తే బద్యా మామ కూర్చుంటాడు. ఎప్పుడూ కూర్చునేవాడే. ఈసారి ఎందుకు ఊరుకుంటున్నావో నాకు అంతుపట్టడం లేదు.

ఇట్లు,
లచ్చిరాం

తా.క.: బద్యా మామ పోయింది దాహంతోనే. క్షమించాలి. ఆ ఆటలో పులులు కూడా దాహంతోనే పోయాయి.

ఇంకో తా.క.: పంచాయితీ సంగతి వినగానే వెంకటరామారావు సారు, తప్పు తనదాకా వస్తుందేమోనని ఆటను కంప్యూటర్లోంచి తీసిపారేశారు. కాబట్టి ఆ హాతీరాం నాయక్ ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు కూడా తెలియదు.


గుట్టకింది తండా,
9 మే 1998

చిరంజీవి లచ్చిరాంకు,

నీ తాత హాతీరాం దీవించి, తానే రాయునది. అక్షరాలు ఏనుగుల్లా ఉన్నాయని నవ్వకు. ఇల్లెందు బొగ్గుబావిలో పనిచేసిన రోజుల్లో నేర్చుకున్న అక్షరాలు. కంట్లో పొర ఉన్నా ఇంత పెద్దగా రాస్తే నాకు కనబడుతున్నాయి. ఇది టీచరమ్మతో రాయించే ఉత్తరం కాదు. అందుకే కవరు అంటించి, పక్క ఊరి డబ్బాలో వేయిస్తున్నాను.

పంచాయితీ జరిగింది. బద్యా ఎట్లా మాట్లాడాడని చెప్పను! ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని గొంతు దాచుకున్నాడు మహానుభావుడు. "నీళ్ళు ఎవని అయ్య జాగీరు? మేకకు పోస్తం, కుక్కకు పోస్తం, మనిషికి గేటేస్తమా? గసొంటోని చేతిల తండా పెడ్తమా?" అన్నాడు. వచ్చిన పెద్దలు అవ్ అవ్ అన్నారు. తర్వాత టీచరమ్మ నీ సాక్ష్యం చదివింది. మీ వాటా అడగడం లేదు, మీరు తాగినాక మిగిలింది పొయ్యండి అన్న చోటుకు వచ్చేసరికి పూలి ముసలమ్మ గొల్లున ఏడ్చింది.

"గిదే మాట మొన్న సీతయ్య అనలే? మన బోరింగు కాడ నిలబడి గిదే మాట అన్లే?"

చంటిపిల్లల తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తీర్పు చెప్పారు. దాహంతో వచ్చినవాళ్ళకు గేటు మూయడం తప్పు, ఆటలోనైనా తప్పే, హాతీరాం పెద్దరికం దిగాలి, మేకను కట్టాలి. ఇకమీద బద్యాయే నాయక్.

నేను లేచి తలపాగా సర్దుకుని, తీర్పు ఒప్పుకున్నాను అన్నాను. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి బద్యా చేతిలో పెట్టాను. "ఆట గేటుకైతే తీర్పు జెప్పిన్రు. మరి బోరింగుకు ఏం జెప్తరో జెప్పున్రి" అన్నాను. అంతమంది అన్నన్ని మాటలు అన్నాక, ఇంక గొలుసు ఉంచమని ఎవడు అనగలడు? బద్యా నా మొహం చూశాడు, తాళంచెవి చూశాడు. ఎవరినీ అడగలేదు. నేరుగా పోయి గొలుసు విప్పాడు. గూడేనికి మనిషిని పంపాడు.

నేను ఎందుకు గద్దించలేదని అడిగావు కదా. ఇప్పుడు విను. ఈ ముక్క ఒక్కదాని కోసమే ఇంత కష్టపడి రాస్తున్నాను.

హోళీ ముందటి పంచాయితీలో బోరింగుకు గొలుసు వేద్దామన్నది నేనే. తండా అంతా కలిసి చేసిన తీర్పని టీచరమ్మతో రాయించాను, అది అబద్ధం. ఆ రోజు వద్దన్నవాడు ఒకే ఒక్కడు, బద్యా. "అన్నా, నీళ్ళకు తాళమేందే?" అన్నాడు. నేను గద్దిస్తే కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు నన్ను చూసి తలలూపారు. కాబట్టి నువ్వు నన్ను తప్పుగా అనుకోలేదు రా. నీ తాతను ఉన్నది ఉన్నట్టు ఆ గేటు దగ్గర నిలబెట్టావు. అందుకే నాకు అంత కోపం వచ్చింది. నాలోపల ఉన్నది నాకన్నా ముందు నీకు తెలిసిపోయిందే అని బువ్వ సయించలేదు.

నీ రెండో ఉత్తరం విన్నప్పుడే నాకు గొలుసు విప్పేయాలనిపించింది. సీతయ్య దండం పెట్టి పోయినప్పుడైతే చెయ్యి మొలతాడు దాకా పోయింది. కానీ నాయక్ తన మాట తానే వెనక్కి తీసుకుంటే, రేపు భూమి తగవులో, ఆలుమగల తగవులో ఎవడు వింటాడు? ఇది నా లెక్క. ఇదీ భయమేనేమో, నాకు తెలియదు. నేను విప్పలేనిది, నన్ను దించైనా వాళ్ళు విప్పితే చాలనుకున్నాను. బద్యా పెడుతున్న ఫిర్యాదు వింటుంటే, వీడికి ఇంకొంచెం కోపం రావాలే అని లోపల మొక్కుకున్నాను. నిజం చెబితే, నీ తా.క. దగ్గర టీచరమ్మ ఆగితే, గట్టిగా చదవమని సైగ చేసింది కూడా నేనే.

మంచి చేశానో చెడ్డ చేశానో అడగకు. బోరింగు నీళ్ళు ఇంకా ఎర్రగానే వస్తున్నాయి. గూడెం మగవాళ్ళు గునపాలు పట్టుకుని వచ్చారు. మనవాళ్ళూ వాళ్ళూ కలిసి గుట్ట పక్క పూడిన పాత బావిని తవ్వుతున్నారు. రెండు నిలువుల లోతు పోయినా ఇంకా తడి తగలలేదు. వానలు పడకముందే నీ కంప్యూటర్ చెప్పినట్టే అందరం ఎండిపోతామేమో. మాకు వెనక్కి పోయే మీట లేదు.

నిన్న పొద్దున నేను కూడా బిందె పట్టుకుని వరసలో నిలబడ్డాను. నా ముందు గూడెం పిల్ల ఒకతి, నా వెనక మన పూలి. నాయక్‌ను కాను కాబట్టి ఎవరూ జరిగి చోటు ఇవ్వలేదు. చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. నడుం నొప్పి పుట్టింది. అయినా ఆ పిల్ల తన బిందె నిండాక వెనక్కి తిరిగి, "తాతా, కొడ్త పట్టుకో" అని నా బిందెకు కూడా తానే బోరింగు కొట్టింది. ఇంటికి వచ్చి కడుపునిండా బువ్వ తిన్నాను. నీకు చెప్పాలనిపించింది.

పరీక్షలు బాగా రాయి.

ఇట్లు,
నీ తాత,
హాతీరాం

తా.క.: బద్యా నాయక్ మొదటి తీర్పు నిన్ననే జరిగింది. బోరింగు దగ్గర మనవాళ్ళు ఒకరు, గూడెంవాళ్ళు ఒకరు, వంతుల వారీగా నిలబడాలి, వరస తప్పితే ఒక పూట బావి తవ్వాలి అని చాటించాడు. చాటించిన గంటలోపే వరస తప్పి దొరికింది ఆయన భార్య ద్వాలి. ఇంట్లో ఏం జరిగిందో తెలియదు కానీ, ఈ పొద్దున బావిలో గునపం పట్టి తవ్వుతున్నది మాత్రం నాయక్.